చెప్పినవాడికి రక్షణ ఇస్తే అబద్ధాలు పెరుగుతాయా?

పోటీ పరీక్షలకు తయారవుతున్న మన యువకుల చేతుల్లో ఈ మధ్య 'రీజనింగ్' పుస్తకాలు తప్పక కనిపిస్తున్నాయి. ఒక వాదన ఇచ్చి, అందులో లోపం ఎక్కడుందో, అది ఏ ఊహ మీద నిలబడిందో కనిపెట్టమని అడుగుతారు. ఒక యువకుడు అసర్ నమాజు తర్వాత అలాంటి ప్రశ్న ఒకటి తెచ్చి చూపించాడు. "మౌల్వీ సాబ్, నేను మొదటి జవాబు పెట్టాను, తప్పని వచ్చింది. ఎందుకు తప్పో తెలియటం లేదు" అన్నాడు.

ప్రశ్న సారాంశం ఇది. ఒక సంస్థలో జరిగే అక్రమాన్ని ఉద్యోగి ఎవరైనా పైవారికి తెలియజేస్తే అతన్ని ఉద్యోగం నుంచి తీసివేయకూడదు, వేధించకూడదు అనే నిబంధన పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. యాజమాన్యం ఒప్పుకోలేదు. ఇలాంటి రక్షణ ఉంటే అసూయతో, పగతో పెట్టే తప్పుడు ఫిర్యాదులు పెరుగుతాయి, నిర్దోషుల పరువు పోతుంది, కాబట్టి నిబంధన వద్దు అని వాదించింది. ఈ వాదన ఏ ఊహ మీద ఆధారపడి ఉంది? మన యువకుడు ఎంచుకున్న జవాబు: వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తప్పుడువే. పుస్తకం సరైనదన్న జవాబు: నిర్దోషికి నష్టం కలగకుండా నిజాన్నీ అబద్ధాన్నీ వేరు చేసే మార్గం లేదు.

మదర్సాలో మంతిఖ్ (తర్కశాస్త్రం) చదివినవారికి ఇది పాత పాఠమే. సుగ్రా, కుబ్రా అనే రెండు వాక్యాలు కలిస్తే నతీజా, అంటే ఫలితం వస్తుంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు తరచుగా ఒక వాక్యాన్ని పైకి చెప్పి రెండోదాన్ని మనసులోనే ఉంచుకుంటారు. ఇక్కడ పైకి చెప్పిన మాట, రక్షణ ఇస్తే తప్పుడు ఫిర్యాదులు పెరుగుతాయని. దాచిన మాట, తప్పుడు ఫిర్యాదు వస్తే నిర్దోషిని కాపాడటం ఎవరి తరమూ కాదని.

ఒక ఊహ మీద వాదన నిజంగా ఆధారపడిందో లేదో తెలియాలంటే, ఆ ఊహను కాదని చూడాలి. యువకుడి జవాబును కాదందాం. ఎక్కువ ఫిర్యాదులు నిజమైనవే అనుకుందాం. అయినా యాజమాన్యం, పదింటిలో రెండు అబద్ధమైనా ఇద్దరు అమాయకులు బలైపోతారు కదా అనగలదు. వాదన పడిపోలేదు. ఇప్పుడు పుస్తకం జవాబును కాదందాం. నిర్దోషి పరువు తీయకుండానే విచారించే మార్గం ఉంది అనుకుందాం. అప్పుడు తప్పుడు ఫిర్యాదులు వంద వచ్చినా విచారణలో రాలిపోతాయి. తలుపు మూసేయటానికి కారణం మిగలదు. వాదన మొత్తం కూలిపోయింది. అందుకే అదే సరైన జవాబు.

యువకుడు సంతోషంగా వెళ్ళాడు. కానీ ఇది పరీక్ష హాల్లో అయిపోయే విషయం కాదు. యాజమాన్యం చెప్పిన ఆ మాటే మన ఇళ్ళలో, మన మస్జిదు కమిటీల్లో వేరే మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది. హాస్టలు స్టోరులో పనిచేసే అన్న బియ్యం బస్తాలు బయటికి పోవటం చూస్తాడు. ఆసుపత్రిలో మందులిచ్చే తమ్ముడు గడువు దాటిన మందుల మీద కొత్త చీటీలు అంటించటం చూస్తాడు. వక్ఫ్ దుకాణాల అద్దె పుస్తకం రాసే గుమాస్తాకు వసూలైనదెంత, లెక్కలో పడినదెంత తెలుసు. ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె, "మనకెందుకండీ, ఉద్యోగం పోతే పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" అంటుంది. ఆమె భయాన్ని తేలిగ్గా తీసిపారేయటం న్యాయం కాదు. ఇల్లు నడిపేది ఆమె. అయితే పెద్దలు దీనికి ధర్మం రంగు పూస్తారు. గీబత్ (పరోక్షనింద) హరామ్ కదా అంటారు. తోటి ముస్లిం తప్పును కప్పిపుచ్చితే అల్లాహ్ మన తప్పులు కప్పుతాడని హదీసు ఉంది కదా అంటారు. బయటికి చెబితే ఖౌమ్ పరువు పోతుందంటారు. ఆ మాటలు ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం.

ఒకే పదంలో రెండు ఆజ్ఞలు

బఖరా సూరాలోని 282వ ఆయతు దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షుల్ని పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. పిలిచినప్పుడు సాక్షులు రామనకూడదని కూడా ఉంది. చివరి భాగంలో రాసేవాడి గురించీ, సాక్షి గురించీ ఒక ఆజ్ఞ వస్తుంది. అక్కడ వాడిన పదం 'లా యుదార్ర'. అరబీ వ్యాకరణంలో ఈ పదాన్ని రెండు విధాలుగా విప్పవచ్చు. ఒక విధంగా విప్పితే, సాక్షికి హాని చేయకూడదు అని అర్థం. మరో విధంగా విప్పితే, సాక్షి హాని చేయకూడదు అని అర్థం. ముఫస్సిర్లు రెండు అర్థాలనూ తమ తఫ్సీర్లలో రాశారు, ఒకదాని కోసం మరొకదాన్ని కొట్టివేయనవసరం లేదు. ఇలాంటి చర్య అవిధేయత, ఫుసూఖ్, అని ఆ వెంటనే హెచ్చరిక కూడా ఉంది.

ఆ సంస్థ యాజమాన్యం ఒకదానికొకటి పొసగవు అనుకున్న రెండు విషయాలు ఈ ఒక్క పదంలో కలిసి ఉన్నాయి. సాక్ష్యం చెప్పేవాడు సురక్షితంగా ఉండాలి. అతని సాక్ష్యం వల్ల అమాయకుడికి నష్టం జరగకూడదు. రెండోది చూపించి మొదటిదాన్ని తీసివేసే హక్కు ఎవరికీ లేదు. మొదటిది చూపించి రెండోదాన్ని వదిలేసే హక్కూ లేదు. తర్వాతి ఆయతులోనే (283) సాక్ష్యాన్ని దాచవద్దని, దాచినవాడి హృదయం పాపంతో కూడినదని అల్లాహ్ తెలిపాడు. ఇతర పాపాలను చేతికో నాలుకకో అంటగడతాం. దీన్ని అల్లాహ్ హృదయానికి అంటగట్టాడు. నోరు మూసుకుని కూర్చున్నవాడు నేనేమీ చేయలేదు కదా అనుకుంటాడు. చేయకపోవటం లోపల జరిగే పనే.

మరి అబద్ధం సంగతేమిటి? హుజురాత్ సూరా 6వ ఆయతు గురించి చాలామందికి తెలుసు. దుర్మార్గుడు (ఫాసిఖ్) ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు పరిశీలించుకోండి, తెలియక ఏ వర్గానికైనా నష్టం కలిగించి తర్వాత పశ్చాత్తాపపడవద్దు అని అందులో ఆదేశం. గమనించండి. వార్త తెచ్చినవాడు మంచివాడు కాకపోయినా ఆ వార్తను విసిరి పారేయండి అని అల్లాహ్ అనలేదు. తబయ్యున్ చేయండి, అంటే విచారించి తేల్చుకోండి అన్నాడు. చెప్పినవాడి నడత బాగా లేకపోవటం ఫిర్యాదును వినకపోవటానికి సాకు కాదు, విచారించి తీరటానికి కారణం. మన కమిటీలలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. లెక్కలు అడిగినవాడి నమాజులు లెక్కపెట్టటం మొదలుపెడతారు.

ఇంకో చోటు చూడండి. ఫిరౌన్ దర్బారులోనే ఒక వ్యక్తి తన విశ్వాసాన్ని దాచుకుని ఉన్నాడు. మూసా (అలైహిస్సలాం)ను చంపాలని ఫిరౌన్ అన్నప్పుడు అతను లేచి ఒక వాదన చేశాడు (మూమిన్: 28). ఆయన అబద్ధం చెబుతుంటే ఆ అబద్ధం ఆయన మీదే పడుతుంది, నిజం చెబుతుంటే ఆయన హెచ్చరిస్తున్నదాంట్లో కొంతైనా మీ మీదికి వచ్చి తీరుతుంది అన్నాడు. ఇది ఖుర్ఆన్‌లోని అందమైన తర్కం. హెచ్చరించేవాడిని చంపితే అబద్ధం వల్ల వచ్చే నష్టం తప్పదు సరికదా, నిజం వల్ల కలిగే లాభం పోతుంది. మూసా (అలై) వృత్తాంతంలోనే, అంతకు చాలా ముందు జరిగిన ఘటనలో, పట్టణం చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చిన మరో మనిషి ఉన్నాడు (ఖసస్: 20). పెద్దలు నిన్ను చంపాలని ఆలోచన చేస్తున్నారు, వెళ్ళిపో అని చెప్పాడు. లోపలి మంతనాన్ని బయటికి చెప్పిన అతన్ని అల్లాహ్ చాడీకోరు అనలేదు.

హజ్రత్ జైద్ మాటను నమ్మని రోజు

బుఖారీ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. దీన్ని మన పిల్లలకు తరచుగా చెప్పాలి. ఒక దండయాత్రలో, ఎక్కువమంది పండితుల ప్రకారం బనూ ముస్తలిఖ్ సందర్భంలో, కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ తన మనుషులతో రెండు మాటలు అన్నాడు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దగ్గరున్నవారికి ఖర్చు పెట్టటం మానేయండి, వారే చెదిరిపోతారు అన్నది ఒకటి. మదీనాకు చేరాక గౌరవనీయులు హీనులను వెళ్ళగొడతారు అన్నది రెండోది. అక్కడే ఉన్న హజ్రత్ జైద్ బిన్ అర్ఖమ్ (రజి) ఇది విన్నారు. అప్పటికి చిన్నవయసువారు. తన బాబాయికి చెప్పారు, మాట దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది.

ఆయన (స) జైద్‌ను పిలిపించి విన్నారు. ఇబ్నె ఉబయ్‌నూ అతని మనుషుల్నీ పిలిపించి అడిగారు. వాళ్ళు ప్రమాణం చేసి, మేము అనలేదు అన్నారు. వేరే సాక్షి లేడు. పైకి కనిపించే ఆధారాన్ని బట్టి వాళ్ళ మాట స్వీకరించబడింది, జైద్ మాట నిలవలేదు. తన జీవితంలో అంతటి దుఃఖం ఎన్నడూ కలగలేదని, ఇంట్లోనే కూర్చుండిపోయానని హజ్రత్ జైద్ స్వయంగా చెప్పుకున్నారు. పైగా బాబాయి, దైవప్రవక్త (స) నిన్ను కాదనాలనీ, నీ మీద ఆగ్రహించాలనీ కోరుకున్నావా ఏమిటి అని మందలించారు. నిజం చెప్పి ఇంటికొచ్చినవాడికి ఈనాడు ఇంట్లో దొరికే మాటా దాదాపు ఇదే. ఆ తర్వాత మునాఫిఖూన్ సూరా అవతరించింది. దైవప్రవక్త (స) కబురంపి, ఆయతులు వినిపించి, జైద్, అల్లాహ్ నీ మాటను నిజపరిచాడు అన్నారు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది వహీ రాకముందు జరిగిన భాగం. ఫిర్యాదు రుజువు కాలేదు. అయినా జైద్‌ను అబద్ధాలకోరుగా శిక్షించలేదు. నాయకుడి మీద నింద వేశావని దండించలేదు. రుజువు కాకపోవటం వేరు, కావాలని అబద్ధం చెప్పటం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూస్తే లోకంలో ఎవడూ నోరు తెరవడు, ఎందుకంటే లోపలివాడు చూసిన అక్రమాన్ని మొదటి రోజే సంపూర్ణంగా రుజువు చేయగలగటం చాలా అరుదు. విచారించేవారి దగ్గరే దస్తావేజులు, అధికారం ఉంటాయి.

ఇక్కడ ఒక పాఠకుడు, వ్యభిచార ఆరోపణకు నలుగురు సాక్షుల్ని తేకపోతే ఎనభై కొరడా దెబ్బలు కదా (నూర్: 4), మరి అది రుజువు కాకపోతేనే శిక్ష కదా అని అడగవచ్చు. నిజమే. కానీ అది ఒక మనిషి శీలానికి సంబంధించిన విషయం. దాన్ని నలుగురిలో పరచటమే ఒక హాని కాబట్టి షరీఅత్ అక్కడ తలుపు దాదాపు మూసేసింది. ఆ ఆదేశాన్ని బియ్యం బస్తాల లెక్కకు, వక్ఫ్ అద్దెలకు, మందుల చీటీలకు వర్తింపజేయటం ఖియాస్ కాదు, ఖియాస్‌తో ఆట.

మరి నిజంగానే అబద్ధం చెప్పేవాడుంటే? అదీ జరిగింది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో కూఫా ప్రజలు తమ గవర్నరు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మీద ఫిర్యాదు చేశారు. ఆయన ఎవరనుకున్నారు? స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. చివరికి ఆయనకు నమాజు సరిగా చేయించటం రాదని కూడా అన్నారు! హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని పదవి నుంచి తప్పించి, కూఫాకు విచారణకర్తలను పంపారు. వారు మస్జిదు మస్జిదుకూ తిరిగి అడిగారు. అంతటా మెచ్చుకున్నారు. బనూ అబ్స్ వారి మస్జిదులో మాత్రం ఒకడు లేచి, సఅద్ సైన్యంతో వెళ్ళరు, సమంగా పంచరు, న్యాయంగా తీర్పు చెప్పరు అన్నాడు. హజ్రత్ సఅద్ (రజి), ఇతను అబద్ధం చెబుతూ పేరు కోసం నిలబడి ఉంటే ఇతని ఆయుష్షును, పేదరికాన్ని పొడిగించి, ఉపద్రవాలకు గురిచేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ మనిషి ముసలితనంలో కనుబొమలు కళ్ళ మీదికి జారిన స్థితిలో, నాకు సఅద్ శాపం తగిలింది అని చెప్పుకునేవాడని బుఖారీలో ఉంది.

ఫిర్యాదు అబద్ధమని తేలింది. దాన్ని చూసి హజ్రత్ ఉమర్ (రజి) ఇకపై గవర్నర్ల మీద ఫిర్యాదులు తీసుకోను అన్నారా? అనలేదు. అటు నిర్దోషి పరువునూ గాలికి వదలలేదు. తన మరణశయ్య మీద, నేను సఅద్‌ను అసమర్థత వల్లగానీ ద్రోహం వల్లగానీ తొలగించలేదు అని అందరి ముందు ప్రకటించి వెళ్ళారు. పుస్తకంలోని ఆ యాజమాన్యం లేదనుకున్న మార్గం ఇదే. ఫిర్యాదు వినాలి, వెళ్ళి విచారించాలి, నిర్దోషిని నిర్దోషి అని పదిమందిలో ప్రకటించాలి.

గీబత్ ఏది, సాక్ష్యం ఏది

ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) 'రియాజుస్సాలిహీన్'లో పరోక్షంగా ఒకరి తప్పు చెప్పటానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలను లెక్కించారు. అన్యాయం జరిగిందని అధికారికి ఫిర్యాదు చేయటం, చెడును ఆపగలవాడి సహాయం కోరటం, ప్రజలను హాని నుంచి హెచ్చరించటం వాటిలో ఉన్నాయి. హద్దు ఒకటే. చెప్పవలసినవాడికి, చెప్పవలసినంతే చెప్పాలి. టీ హోటల్లో చెబితే గీబత్, ఆపగలిగే అధికారికి చెబితే సాక్ష్యం. ఒకే మాట చోటును బట్టి పాపమో పుణ్యమో అవుతుంది. ఈ రోజుల్లో వాట్సాప్ గ్రూపులో పెట్టటాన్ని ఏమనాలో మీరే ఆలోచించండి. అక్కడ ఆపగలవాడు ఉండడు, నవ్వేవాళ్ళుంటారు.

తప్పును కప్పే హదీసు విషయం. అది సహీహ్ హదీసే, దాని మీద నాకు ప్రాణం. ఒక మనిషి రాత్రి చేసిన పాపం, అతనికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న లోపం, దాన్ని కప్పాలి. కానీ అనాథల బియ్యం తిన్నవాడి మీద దుప్పటి కప్పితే, కప్పబడింది అతని తప్పు కాదు, అనాథల హక్కు. దుర్మార్గుడైన సోదరుడికీ సహాయం చేయమని దైవప్రవక్త (స) అన్నప్పుడు, అదెలాగని సహాబాలు అడిగారు. అతని చేయి పట్టి దౌర్జన్యం నుంచి ఆపటమే అతనికి సహాయం అన్నారు. ఖౌమ్ పరువు సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. తల్లిదండ్రులకు, బంధువులకు, చివరికి మీకే వ్యతిరేకంగా పోయినా సరే న్యాయానికి సాక్షులుగా నిలబడండని ఆదేశం (నిసా: 135) ఉన్నప్పుడు, కమిటీ సదర్ సాబ్ మన బంధువుల కంటే దగ్గరివాడా?

అడగకుండానే సాక్ష్యం చెప్పేవారిని నిందించిన హదీసు ఒకటి బుఖారీలో ఉంది. అడగకముందే సాక్ష్యం చెప్పేవాడు సాక్షుల్లో ఉత్తముడు అన్న హదీసు ముస్లింలో ఉంది. రెంటికీ మధ్య విరుద్ధం లేదు. హక్కుదారుడికి తన తరఫున సాక్షి ఉన్నాడని తెలియనప్పుడు, లేదా అందరి హక్కు పోతున్నప్పుడు ముందుకు రావటం మెచ్చదగినది. హక్కుదారుడికి తెలిసి ఉండగా తోసుకురావటం, అబద్ధపు సాక్ష్యానికి తయారుగా ఉండటం నిందించదగినది. హాస్టలు పిల్లలకు తమ బియ్యం ఎక్కడికి పోతోందో తెలియదు, వాళ్ళ తరఫున సాక్షి ఎవరో అంతకన్నా తెలియదు.

మన దేశంలో

అక్రమాన్ని బయటపెట్టేవారిని పత్రికలు 'ప్రజావేగు' అంటున్నాయి. మన దేశంలో వీరి రక్షణ గురించి మాట రావటానికి ప్రధాన కారణం సత్యేంద్ర దూబే. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు. జాతీయ రహదారుల సంస్థలో జార్ఖండ్‌లోని కోడర్మాలో పనిచేస్తూ, స్వర్ణ చతుర్భుజి రోడ్ల పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. పేరుతో సహా ఆ ఉత్తరం కార్యాలయాల్లో చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఇది దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది, 2010లో పాట్నా కోర్టు ముగ్గురిని దోషులుగా నిర్ణయించింది. ఉత్తరానికీ హత్యకూ సంబంధం ఉందా అన్న అనుమానం చాలామందికి తీరలేదు. తబయ్యున్ గురించి రాస్తూ తేలని విషయాన్ని తేలినట్టు చెప్పలేను. కానీ గోప్యంగా ఉంచమన్న పేరు గోప్యంగా ఉండలేదన్నది తేలిన విషయమే.

2004లో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యత అప్పగించారు. 2014లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ఆ చట్టంలో ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవారికి మూడేళ్ళ వరకు జైలు. అబద్ధమని తెలిసీ, దురుద్దేశంతో ఫిర్యాదు చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు. హాని చేయకూడదు, హాని పొందకూడదు అన్న రెండు వైపులా అందులో కనిపిస్తాయి. కానీ అమలు తేదీ ప్రకటించకుండానే ఏళ్ళకేళ్ళు గడిచాయి. పైగా పేరు లేని ఫిర్యాదును అసలు తీసుకోకూడదని ఆ చట్టంలో ఉంది. హైదరాబాదులోని సత్యం కంపెనీ విషయంలో 2009 జనవరిలో చైర్మనే తప్పు ఒప్పుకున్నాడు. అంతకు ముందు నెల, 2008 డిసెంబరులో, మారుపేరుతో ఎవరో ఒక డైరెక్టరుకు ఇ-మెయిల్ పంపి లెక్కల్లో మోసం ఉందని చెప్పారు. పేరు నిజమైనది కాదు, మాట నిజమైనది. పేరు చూసి చెత్తబుట్టలో వేసేవాడు హుజురాత్ ఆయతు ప్రకారం చేయవలసిన పని చేసినట్టు కాదు.

ప్రాణభయం ఉన్నప్పుడు కూడా చెప్పి తీరాలా? చెడును చేతితో ఆపలేనివాడు నాలుకతో, అదీ చేయలేనివాడు హృదయంతో అన్న హదీసు మనిషి శక్తిని బట్టే బాధ్యతను పెట్టింది. నిజమైన ప్రాణభయం ఉన్నవాడి మీద భారం తగ్గుతుంది. ఫిరౌన్ దర్బారులోని మనిషి కూడా తన విశ్వాసాన్ని దాచుకునే మాట్లాడాడు. పేరు దాచుకోవటం పిరికితనం కాదు. అప్పుడు బరువు చెప్పినవాడి మీద నుంచి విన్నవాడి మీదికి మారుతుంది. ఒక మనిషి మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అని దైవప్రవక్త (స) తెలిపినట్టు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. "ఎవరికీ చెప్పకు" అని నోటితో అననవసరం లేదు, ఆ చూపే చాలు. మస్జిదు వరండాలో ముతవల్లీ గురించి మీ చెవిలో చెప్పి వెనక్కి తిరిగి చూసిన ఆ ముసలి గుమాస్తా పేరు, ఆ క్షణం నుంచి మీ దగ్గర దాచిన సొమ్ము.